పెద్దవాళ్ల కోసం కదలికల ఆట తయారుచేస్తున్నారా? కెమెరా, రిమోటు, పలక: వీటిలో ఏది ఎంచుకోవాలి

మా పెద్దమ్మకు 71 ఏళ్లు. నేను తయారుచేసిన మొదటి వ్యాయామం ఆటను ఆవిడ చేతే ఆడించాను. చాలా చిన్న ఆట. కుర్చీలోంచి లేచి నిలబడితే తెర మీద జామకొమ్మ కిందికి వంగి ఒక కాయ బుట్టలో పడుతుంది, కూర్చుంటే కొమ్మ పైకి వెళ్లిపోతుంది. మోకాలు ఎంత వంగిందో ల్యాప్‌టాప్ కెమెరా చూసి, లేచారో లేదో చెప్పాలి. పెద్దమ్మ ఆరుసార్లు లేచి కూర్చుంది. ఒక్క కాయ కూడా పడలేదు.

కారణం ఆ తర్వాత గంటకు గానీ నాకు తట్టలేదు. ఆవిడ కట్టుకున్నది గంజి పెట్టిన నేత చీర. కుచ్చిళ్లు పలకలా నిలబడి ఉన్నాయి, కెమెరాకు మోకాళ్లు కనపడితే కదా! తప్పు పూర్తిగా నాది. కానీ పెద్దమ్మ అన్న మాట ఇది: "నాకే చేతకావట్లేదు నాన్నా, వయసైపోయింది కదా."

కుర్రాళ్లయితే ఆట సరిగా పనిచేయకపోతే ఆటను తిడతారు. పెద్దవాళ్లు తమనే తప్పు పట్టుకుంటారు, రెండోసారి ఆ కుర్చీ దగ్గరికి రారు. అప్పటినుంచి పరికరాలను పోల్చేటప్పుడు దేనికి ఎక్కువ ఫీచర్లున్నాయని నేను చూడను. ఏది ఎప్పుడు పొరబడుతుంది, ఆ పొరపాటు వల్ల నష్టపోయేది ఎవరు అని చూస్తాను. ఈ వ్యాసంలో పోలిక అంతా ఆ లెక్కలోనే ఉంటుంది.

పరికరం కంటే ముందు: కూర్చునా, నిలబడా?

చాలామంది సెన్సర్‌తో మొదలుపెడతారు. మొదలుపెట్టాల్సింది కదలికతో. 65 ఏళ్లు దాటినవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు మధ్యస్థాయి వ్యాయామం చేయాలని, దాంతోపాటు కనీసం మూడు రోజులు కాళ్ల బలాన్ని, నిలకడను పెంచే కదలికలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో చెప్పింది. ఆ రెండో భాగాన్ని ఆటలు చేసేవాళ్లు తరచూ వదిలేస్తారు. కుర్చీలో కూర్చుని చేతులు ఊపే ఆట ఎంత సరదాగా ఉన్నా, భుజాలకు, కొంతవరకు ఊపిరికి మేలు చేస్తుందే తప్ప పడిపోకుండా కాపాడే నిలకడ దాంతో రాదు. మీ ఆట కూర్చుని ఆడేదైతే "పడిపోకుండా కాపాడుతుంది" అని దాని మీద రాయకండి.

అలాగని నేరుగా నిలబెట్టి ఆడించడమూ తప్పే. షుగర్ ఏళ్ల తరబడి ఉన్నవాళ్లకు అరికాళ్లలో స్పర్శ తగ్గి ఉంటుంది. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకు గబుక్కున లేస్తే కళ్లు తిరుగుతాయి. మన ఇళ్లలో గచ్చు స్థానంలో నున్నటి టైల్స్ వచ్చేశాయి.

అందుకని నేను మధ్యదారి పడతాను. మూడు మెట్లు. మొదటిది కూర్చుని చేతులు, పాదాలు కదపడం. రెండోది కుర్చీలోంచి లేచి కూర్చోవడం, లేచాక రెండు మూడు సెకన్లు ఆగడం. మూడోది వంటింటి గట్టునో, బరువైన కుర్చీ వీపునో పట్టుకుని నిలబడి మడమలెత్తడం, కాలు పక్కకి చాపడం. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం పేరుతో ప్రసిద్ధమైన వ్యాయామ పద్ధతి కూడా ఇలాంటి కదలికల మీదే నడుస్తుంది: కాళ్ల బలం, నిలకడ, పట్టుకోవడానికి ఏదో ఒక ఆధారం. ఒక మెట్టు నుంచి పై మెట్టుకు పంపించే నిర్ణయం ఆటకు వదలకండి. అది ఫిజియోథెరపిస్టు చెప్పాలి, లేదా ఇంట్లోవాళ్లు పక్కన నిలబడి చూసి చెప్పాలి.

కుర్చీ గురించి ఒక మాట. తేలికపాటి ప్లాస్టిక్ కుర్చీ టైల్స్ మీద వెనక్కి జారుతుంది. గోడకు ఆనించి వేయమని ఆట మొదట్లోనే చెప్పించండి, ప్రతిసారీ చెప్పించండి.

చేతి రిమోటు, కాలి పట్టీ

2006లో నింటెండో వీ అనే ఆటల పరికరం వచ్చాక అమెరికాలో వృద్ధాశ్రమాల్లో బౌలింగ్ ఆట బాగా పాకింది. చేతిని నిజంగా బంతి విసిరినట్టు ఊపితే తెర మీద బంతి దొర్లుతుంది, నేర్పాల్సింది పెద్దగా లేదు. కానీ అందులో ఒక మెలిక ఉంది. బటన్ నొక్కి పట్టుకుని, చెయ్యి ముందుకు వచ్చే సరైన క్షణంలో వదలాలి. వేళ్ల కీళ్లు బిగుసుకుపోయినవాళ్లకు ఊపడం వస్తుంది, వదలడం రాదు. కదలిక బాగానే చేసినా బంతి పోదు. పెద్దమ్మ కుచ్చిళ్ల కథే మళ్లీ.

ఈ రకంలో సెన్సర్ చెయ్యి ఎక్కడుందో చూడదు, ఎంత ఊపుతో కదిలిందో మాత్రమే చూస్తుంది. కాబట్టి భుజం కదపకుండా మణికట్టు విదిలించినా పాయింట్లు వచ్చేస్తాయి. భుజం నొప్పి ఉన్నవాళ్లు తెలియకుండానే ఆ అడ్డదారి పడతారు, వ్యాయామం జరగదు. 2019లో వచ్చిన రింగ్ ఫిట్ అడ్వెంచర్ అనే వ్యాయామం ఆటలో తొడకు పట్టీ, చేతిలో వంగే వలయం ఉండటం వల్ల శరీరం నిజంగా పనిచేస్తుంది. అయితే దాని మెనూలు, వేగం, చదవాల్సిన వాక్యాలు చూస్తే అది పెద్దవాళ్లను దృష్టిలో పెట్టుకుని చేసింది కాదని తెలిసిపోతుంది.

ఈ దారిలో వెళ్లాలనుకుంటే బటన్లు పూర్తిగా తీసేయండి. నడుముకు సంచీలో పెట్టుకున్న మామూలు ఫోన్ కూడా అడుగులు, లేవడం, ఊగడం బాగానే పసిగడుతుంది. చీర, పంచె దానికి అడ్డు కావు, వెలుతురుతో పనిలేదు. చేతులు, కాళ్లు ఎక్కడున్నాయో మాత్రం దానికి తెలియదు.

బ్యాలెన్స్ పలక, అడుగుల చాప

2007లో జపాన్‌లో మొదట వచ్చిన వీ బ్యాలెన్స్ బోర్డు చిన్న అద్భుతం. నాలుగు మూలల్లో నాలుగు బరువు సెన్సర్లు, వాటి లెక్కల నుంచి మనిషి బరువు ఏ వైపు వాలిందో తెలుస్తుంది. బ్లూటూత్‌తో కంప్యూటర్‌కూ కలుస్తుంది కాబట్టి పరిశోధకులు దాన్ని ల్యాబుల్లోని ఖరీదైన కొలత పలకలకు బదులుగా వాడారు. నిలకడను ఇంత నేరుగా కొలిచే చౌక పరికరం మరొకటి నేను చూడలేదు. కెమెరా ఊహిస్తుంది, ఇది తూస్తుంది.

దీని ఇబ్బంది ఆటలో కాదు, దిగేటప్పుడు వస్తుంది. పలక సుమారు అయిదు సెంటీమీటర్ల ఎత్తు. తెర వైపు చూస్తూ ఆడినవాళ్లు ఆట అయిపోగానే వెనక్కి అడుగేస్తారు. అక్కడ నేల తాము అనుకున్నచోట ఉండదు. మిగతా పరికరాలు పొరబడితే ఒక కాయ తగ్గుతుంది. ఇది పొరబడితే తుంటి విరుగుతుంది. పక్కన ఫిజియో, రెండు వైపులా పట్టుకునే కడ్డీలు ఉన్న చోట తప్ప దీన్ని వాడకూడదన్నది నా గట్టి అభిప్రాయం. పైగా ఇప్పుడు పాతవే దొరుకుతాయి.

అడుగుల చాప ఎత్తు లేకుండా ఉంటుంది, అది నయం. 1998లో కొనామీ తెచ్చిన డ్యాన్స్ ఆట నుంచి వచ్చిన ఆలోచనే ఇది: బాణం గుర్తు వచ్చినవైపు అడుగు వేయాలి. అన్నివైపులకూ సరైన సమయానికి అడుగేయడం నిలకడకు మంచి సాధన, మెదడుకూ పని. కానీ పల్చటి చాప టైల్స్ మీద జారుతుంది, అంచు మడతపడితే కాలికి తగులుతుంది. గడి ఎక్కడుందో చూసుకోవడానికి తల కిందికి వంచుతారు, ఆ వంపులోనే తూలుతారు. స్విట్జర్లాండ్‌లో తయారయ్యే డివిడాట్ సెన్సో వంటి పలకలకు చుట్టూ పట్టుకునే రెయిలింగ్ ఉంటుంది. ఆసుపత్రికీ, పెద్ద కేంద్రానికీ అలాంటిది తగినది. ఇంటికి కాదు.

లోతు చూసే కెమెరా

2010 నవంబరులో మైక్రోసాఫ్ట్ వారి కైనెక్ట్ కెమెరా వచ్చినప్పుడు ఈ రంగంలో ఉన్నవాళ్లందరికీ పండగే. చేతిలో ఏమీ పట్టుకోనక్కర్లేదు. పరారుణ కాంతితో ప్రతి బిందువు ఎంత దూరంలో ఉందో కొలిచి, శరీరంలో 20 కీళ్లను గుర్తుపట్టేది. తర్వాతి తరంలో అవి 25 అయ్యాయి. గది చీకటిగా ఉన్నా ఇబ్బంది లేదు. కెనడాలోని సస్కాచవాన్ విశ్వవిద్యాలయానికి చెందిన కాథ్రిన్ గెర్లింగ్, సహచరులు వృద్ధాశ్రమంలో ఉండేవాళ్లతో కైనెక్ట్ ఆటలు ఆడించి 2012లో కొన్ని సూచనలు ప్రచురించారు. ఎవరి కదలిక ఎంత సాగుతుందో దానికి ఆట సర్దుకోవాలి, అలసటను చూసుకోవాలి, మొదలుపెట్టే పద్ధతి సులువుగా ఉండాలి. ఇన్నేళ్లయినా నేను కొత్త ఆట మొదలుపెట్టే ముందు వాటినే మళ్లీ చూస్తాను.

కానీ 2017లో కైనెక్ట్ తయారీ ఆగిపోయింది. 2019లో వచ్చిన అజూర్ కైనెక్ట్ కూడా 2023లో ఆగిపోయింది. ఇలాంటి కెమెరాలు వేరే కంపెనీలవి దొరుకుతున్నాయి, కొలత ఇప్పటికీ మామూలు కెమెరా కంటే నిఖార్సైనదే. అయితే ఆట మొత్తం ఒక్క పరికరం మీద కట్టేస్తే, ఆ పరికరం పోయిన రోజు మీ ఆటా పోతుంది. కీళ్ల స్థానాలు ఇచ్చే భాగాన్ని, ఆట నడిపే భాగాన్ని విడివిడిగా రాసుకోండి. ఇంకో సంగతి: కిటికీలోంచి ఎండ నేరుగా పడితే ఈ కెమెరాలు తడబడతాయి. మన వసారాల్లో ఉదయంపూట వీటితో పెద్దగా పనికాదు.

మామూలు కెమెరా

ఇళ్లకు నా ఎంపిక ఇదే, పెద్దమ్మ విషయంలో దెబ్బతిన్న తర్వాత కూడా. ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో ఉన్న కెమెరా చాలు. చిత్రంలో మనిషి కీళ్లు ఎక్కడున్నాయో కనిపెట్టే సాఫ్ట్‌వేర్‌ను మోడల్ అంటారు. గూగుల్ వారి మీడియాపైప్ మోడల్ శరీరం మీద 33 బిందువులను గుర్తిస్తుంది, మూవ్‌నెట్ 17 బిందువులను. రెండూ ఉచితమే, ఇంటర్నెట్ లేకుండా పరికరంలోనే నడుస్తాయి. కరెంటు పోయి వైఫై ఆగినా ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద ఆట సాగుతుంది.

దీని పొరపాట్లు ఎక్కువ. అయితే వాటిలో చాలావరకు మన చేతిలో సరిదిద్దుకోగలిగినవే. అందుకే దీని గురించి కాస్త వివరంగా చెప్తాను.

చీర సంగతి ముందు. మోకాలి కోణం వదిలేసి భుజాల ఎత్తు పట్టుకున్నాను. ఆట మొదట్లో "హాయిగా కూర్చోండి" అని చెప్పి రెండు భుజాల మధ్యబిందువు ఎక్కడుందో గుర్తుపెట్టుకుంటుంది, తర్వాత "ఒకసారి లేచి నిలబడండి" అని చెప్పి ఆ ఎత్తూ తీసుకుంటుంది. ఈ రెండింటి మధ్య దూరమే ఆ మనిషి కొలత. అందులో 75 శాతం దాటితే లేచినట్టు, 25 శాతం కంటే కిందికి వస్తే కూర్చున్నట్టు. మధ్యలో ఎన్నిసార్లు ఊగినా లెక్కపెట్టదు. ఒకే గీత పెట్టుకుంటే ఆ గీత దగ్గర తడబడినవాళ్లకు ఒక లేవడం మూడుగా లెక్కపడుతుంది, రెండు గీతలుంటే పడదు. నడుం పూర్తిగా నిటారుగా రానివాళ్లకూ వాళ్ల కొలత వాళ్లదే కాబట్టి కాయ పడుతుంది. పంచెకూ, లుంగీకీ, నైటీకీ ఇదే పనిచేసింది.

రెండోది వణుకు. మోడల్ ఇచ్చే బిందువులు మనిషి కదలకపోయినా సన్నగా అదురుతుంటాయి. చేతివణుకు ఉన్నవాళ్లకు అది రెట్టింపవుతుంది. సగటు తీసి నునుపు చేద్దామంటే తెర మీద చెయ్యి ఆలస్యంగా కదులుతుంది, పెద్దవాళ్లు "అందలేదేమో" అనుకుని ఇంకా సాగుతారు, భుజం పట్టేస్తుంది. 2012లో వచ్చిన వన్ యూరో ఫిల్టర్ అనే లెక్కల పద్ధతి దీనికి చక్కటి మందు: చెయ్యి నెమ్మదిగా ఉన్నప్పుడు ఎక్కువ నునుపు చేస్తుంది, వేగంగా కదిలితే తగ్గిస్తుంది.

మూడోది, మనవడు. ఆట మధ్యలో పిల్లాడు పరుగెత్తుకొచ్చి నాయనమ్మ ముందు నిలబడతాడు, మోడల్ వాడి వెంట పడిపోతుంది. భుజాల వెడల్పు ఒక్కసారిగా మారితే ఆట ఆగి, "ఒక్క నిమిషం ఆగుదాం" అనేలా పెట్టండి. ఎవరినీ తప్పుపట్టనక్కర్లేదు.

కుర్చీ వీపు పట్టుకుని నిలబడే మూడో మెట్టు దగ్గర ఈ కెమెరా నిజంగా బలహీనం. కుర్చీ నడుమును కప్పేస్తుంది. కెమెరాను ఎదురుగా కాకుండా ఏటవాలుగా పక్కకు పెడితే కొంత నయం. అప్పటికీ సరిపోకపోతే నడుముకు ఫోన్ కట్టే పద్ధతిని దీనికి జోడించండి. కనపడని బిందువు మీద నమ్మకం ఎంతో మీడియాపైప్ ఒక సంఖ్య ఇస్తుంది. ఆ సంఖ్య తక్కువగా ఉంటే మోడల్ ఊహించి చెప్పినదాన్ని నిజమనుకుని మార్కులు తగ్గించకండి.

ఫోన్ తెర పెద్దవాళ్లకు చిన్నది. టీవీకి వైర్‌లెస్‌గా పంపితే చిత్రం ఆలస్యంగా వస్తుంది, కదలిక ఆటకు అది కుదరదు. హెచ్‌డీఎంఐ వైరే మేలు. చౌక ఫోన్లలో చాలావాటికి వైరుతో టీవీకి చిత్రం పంపే సౌకర్యం ఉండదు. అలమరలో మూలపడి ఉన్న పాత ల్యాప్‌టాప్ ఈ పనికి కొత్త ఫోన్ కంటే బాగా పనికొస్తుంది.

కెమెరా అంటే ఆడవాళ్లకు ఒక జంకు ఉంటుంది, అది న్యాయమైనదే. వీడియో దాచకండి. తెర మీద వాళ్ల ముఖం బదులు గీతల బొమ్మో, నీడో చూపించండి. అమెరికాలో ఉన్న కొడుకో కూతురో "అమ్మ ఆడుతోందా?" అని చూడాలనుకుంటే, వారంలో ఎన్ని రోజులు ఆడారో పంపితే చాలు, అదీ అమ్మను అడిగి.

వీఆర్ కళ్లద్దాలు

కళ్లను పూర్తిగా కప్పేసి కృత్రిమ దృశ్యం చూపించేవి ఇవి. ఎక్కువసేపు చెప్పను. వీటిలో క్వెస్ట్ 2 అనేదాని బరువు అరకిలో. మెడ మీద ఆ భారం, కళ్లజోడుతో ఇబ్బంది, కళ్లు తిరగడం, అన్నిటికీ మించి గది కనపడకపోవడం. నిలబెట్టి ఆడించడానికి వద్దే వద్దు. మంచం పట్టి బయటికి వెళ్లలేనివాళ్లకు, పక్కన మనిషి ఉండగా, కూర్చోబెట్టి అయిదు నిమిషాలు గోదారి గట్టు చూపించడానికైతే సరే.

ఆట లోపల ఎంచుకోవాల్సినవి

పరికరం కుదిరాక ఇంకో పెద్ద ఎంపిక ఉంది: ఆట మనిషి కోసం ఆగాలా, మనిషి ఆటను అందుకోవాలా? పైనుంచి పడే కాయలను పట్టుకునే ఆట చూడటానికి హుషారుగా ఉంటుంది. కానీ కాయ జారిపోతోందన్న టెన్షన్‌లో పెద్దవాళ్లు ఒక్కసారిగా పక్కకు వంగుతారు, ప్రమాదం అక్కడే ఉంది. నా ఆటలో కాయ కొమ్మనే ఉంటుంది, వాళ్లు కోసేదాకా. హుషారు కావాలంటే పాటతో తెచ్చుకోవచ్చు.

స్కోరు విషయంలో ఒక్కొక్కరిది ఒక్కో స్వభావం. పెద్దవాళ్లు పగటిపూట వచ్చి గడిపే ఒక పగటి కేంద్రంలో మేం ఆడించినప్పుడు మగవాళ్లు "నిన్న నాకెన్ని వచ్చాయి?" అని అడిగేవారు. ఆడవాళ్లకు పక్కవాళ్లను మించడం ఇష్టం లేదు, అందరూ కలిసి ఒకే బుట్ట నింపడం నచ్చింది. రెండూ పెట్టండి. మొదట కనిపించేది మాత్రం ఉమ్మడి బుట్ట కావాలి.

సూచనలు తెర మీద రాయడమా, చెప్పించడమా అన్నదానికి నా జవాబు చెప్పించడమే. తెలుగు అక్షరాలు చదవగలిగినవాళ్లకు కూడా నాలుగడుగుల దూరం నుంచి గుణింతాలు అలుక్కుపోయి కనిపిస్తాయి. "లేవండమ్మా, నిదానంగా" అన్న గొంతు ఉంటే చూపు తెర మీద ఉండనక్కర్లేదు. వయసుతో ముందు పోయేది సన్నటి, కీచు శబ్దాల వినికిడి. కాబట్టి టింగుమనే గంట కంటే డోలు దెబ్బ లాంటి లోతైన చప్పుడు వినపడుతుంది. కంటి కటకం పసుపుబారడం వల్ల నీలం, ఊదా మధ్య తేడా తగ్గిపోతుంది. ఆ రెండు రంగులతో మంచి కాయ, చెడ్డ కాయ అని విడదీయకండి.

కదలికల ఎంపికలోనూ మనకో వరం ఉంది. కవ్వంతో చిలకడం, చేటతో చెరగడం, చేద తోడటం: ఈ తరం చేతులకు అవి నేర్పక్కర్లేదు. "చెయ్యి 90 డిగ్రీలు ఎత్తండి" అంటే ఆలోచిస్తారు, "పై కొమ్మ అందుకోండి" అంటే చెయ్యి దానంతటదే లేస్తుంది. తోడే కదలికలో నడుం వంచకుండా చేతులతోనే లాగేలా చూసుకోండి.

ఎవరికి ఏది

ఇంట్లో ఒంటరిగా ఆడేవాళ్లకు: మామూలు కెమెరా, మొదటి రెండు మెట్లు, ఆట వాళ్ల కోసం ఆగే పద్ధతి. మూడో మెట్టు ఇంట్లో మరో మనిషి ఉన్నప్పుడే తెరుచుకోవాలి. పగటి కేంద్రానికో వృద్ధాశ్రమానికో అయితే, డబ్బు ఉంటే లోతు కెమెరా, లేకపోతే ల్యాప్‌టాప్, పెద్ద టీవీ, ఉమ్మడి బుట్ట. ఫిజియో ఉన్న క్లినిక్‌కు రెయిలింగ్ ఉన్న పలక నిజంగా విలువైనది, ఎందుకంటే అక్కడ కొలతే ముఖ్యం. చూపు బాగా తగ్గినవాళ్లకు తెరే వద్దు, నడుముకు ఫోన్, చెవికి గొంతు చాలు.

మొదటి పరీక్షకు అయిదుగురిని పిలవండి. ఒకరు చీరలో, ఒకరు పంచెలో, ఒకరు కర్రతో, ఒకరు వినికిడి యంత్రంతో ఉంటే మంచిది. ముందు ఆట లేకుండా, చేతులు గుండెల మీద కట్టుకుని అరనిమిషంలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో రాసుకోండి. ఫిజియోలు వాడే మామూలు పరీక్షే ఇది. లేవలేనివాళ్లను ఆ రోజు మొదటి మెట్టులోనే ఉంచండి. తర్వాత ఆట పెట్టి, పక్కనే పట్టుకునేంత దూరంలో నిలబడి, ఏమీ చెప్పకుండా చూడండి. ఎవరైనా "నాకు రావట్లేదు" అంటే ఆ క్షణం కెమెరా ఏం చూసిందో రాసుకోండి. అలాంటివి ఎన్ని వచ్చాయో అన్నీ ఆ సాయంత్రమే సరిచేయండి. మా పెద్దమ్మ రెండోసారి కూర్చోవడానికి నేను మూడు వారాలు బతిమాలాల్సి వచ్చింది. కూర్చున్న రోజు బుట్టలో తొమ్మిది కాయలు పడ్డాయి, తొమ్మిదోది పడ్డాక "ఇంకొకటి కోస్తాను, ఆగు" అంది.